అవ్వ నడకకు తొమ్మిది సున్నాలు

ఆ రోజుల్లో బెంగళూరులో మా పేట వాళ్లకి చదువులంటే రెండే. ఒకటి ఇంజనీరింగు, అది దొరకని వాళ్లకి బీకాం. ఈ రెండూ కానిది ఎవరైనా చదువుతానంటే ఇంట్లో వాళ్లు ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూసేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఊరి చివర ఒక యూనివర్సిటీలో యానిమేషన్ అని కొత్త డిగ్రీ పెట్టారని పేపర్లో చదివి, రెండు రోజులు అన్నం మానేసి (అమ్మ చాటుగా పెట్టిన దోసెలు అన్నం కిందికి రావు గదా), నేను మా నాయన్ని ఒప్పించాను. నాయనకి చిక్కపేట సందులో లేసులు, బొత్తాలు, చీరంచులు అమ్మే అంగడి ఉండేది. మూడు తరాలుగా ఈ ఊళ్లోనే పాతుకుపోయిన తెలుగువాళ్లం మేము. "బొమ్మలేసేదానికి యూనివర్సిటీ యాలమ్మా? చిన్నప్పట్నించీ మన గోడలన్నిటి మీదా వేస్తానే ఉండావు గదా!" అన్నాడాయన. ఆఖరికి మెత్తబడి ఒక షరతు పెట్టాడు. "ఒక్క సంవత్సరం చూస్తా. పాసైతే సరి. తప్పితే నోరెత్తకుండా బీకాం." నేను ఎగిరి గంతేశాను. బొమ్మలేయడంలో తప్పడం ఏమిటని నా ధీమా.

ఆ ధీమా మొదటి టర్ములోనే దిగిపోయింది. మాకు బొమ్మల్ని కదిలించడం నేర్పే సారు ఒకాయన ఉండేవారు. పలచటి మనిషి, తెల్ల గడ్డం, గొంతెత్తి ఒక్క మాట అనేవారు కాదు. మేం పెన్సిలుతో కాగితాల మీద వరసగా గీసుకొచ్చిన బొమ్మల్ని లాబు అన్న (లాబు చూసుకునే ఆయన్ని అందరం అలాగే పిలిచేవాళ్లం) కెమెరా కింద ఒక్కొక్కటే పెట్టి తెర మీద ఆడించేవాడు. సారు కళ్లు చిట్లించి చూసి, కన్నడంలో మెల్లగా అడిగేవారు, "భార ఎల్లమ్మా?" అని. బరువేదమ్మా అని. అంతే, ఇంకేం చెప్పేవారు కాదు. అందుకే ఆయనకి బరువు సారు అని పేరు పెట్టుకున్నాం. నేను గీసిన మనుషులు నడిచేవాళ్లు కాదు, నూనె ఒలికిన గచ్చు మీద జారిపోయేవాళ్లు. ఒకడైతే నేలకి రెండంగుళాల పైన తేలుకుంటూ పోయాడు. "ఈయన చనిపోయి ఎన్నాళ్లయింది?" అని సారు అంతే నెమ్మదిగా అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను (బయటికి). సంవత్సరం ఆఖరి పరీక్షకి ఆయన ఇచ్చిన పని ఒక్కటే. మీకు బాగా తెలిసిన ఒక మనిషి నడకని, తెర ఆ చివర నుంచి ఈ చివరకి, ఎనిమిది సెకన్లు నడిపించి చూపించండి. సెకనుకి పన్నెండు చొప్పున, ఎనిమిది సెకన్లంటే తొంభై ఆరు బొమ్మలు. అది తప్పితే సంవత్సరం తప్పినట్టే.

నడకలు నేర్చుకోవాలంటే మనుషుల వెనక పడాలి గదా అని, బొమ్మలు గీసుకునే పుస్తకం చేత్తో పట్టుకుని పేట వీధుల్లో తిరగడం మొదలుపెట్టాను. చూస్తే సరిపోదు, వాళ్లలాగే నడిస్తేగానీ ఒంటికి తెలియదని సారు ఒకసారి అన్నారు. సరేనని ఒక శనివారం ఒక పెద్దమనిషి వెనక పడ్డాను. పొట్ట ముందు, తను తర్వాత వస్తున్నట్టు ఉంటుంది ఆయన నడక. ఆయన వెనకే నేనూ పొట్ట ముందుకి తోసి, చేతులు వెనక్కి పడేసి, పాదాలు వెడల్పుగా వేసుకుంటూ సందు మొత్తం నడిచాను. అంగళ్ల వాళ్లు నవ్వుతుంటే, నా నడక కుదిరిందని మురిసిపోయాను కూడా. ఆయన ఠక్కున వెనక్కి తిరిగాడు. చూద్దును గదా, ఆయన ఎవరో కాదు, మా నాయన స్నేహితుడు జరీ మామ! (జరీ నూలు అమ్ముతాడు కాబట్టి ఆ పేరు.) వెనక నుంచి ఎప్పుడూ చూడకపోవడం వల్ల గుర్తుపట్టలేదు. సాయంత్రానికి మామ మా ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ, "మీ పాప నడివీధిలో నన్ను ఎక్కిరిస్తా ఉండాదప్పా" అని పంచాయితీ పెట్టాడు. నేను తల వంచుకుని, ఎక్కిరించలేదనీ, నడక నేర్చుకుంటున్నాననీ చెప్పాను. నాయన మామ వైపు చూసి, "విన్నావా అప్పా? పంతొమ్మిదేండ్ల పిల్ల యూనివర్సిటీకి పోయి నడక నేర్చుకుంటా ఉండాది. వచ్చే సంవత్సరం పాకడం నేర్పిస్తారేమో!" అన్నాడు. బీకాం కాలేజీ అప్లికేషన్ ఆ మర్నాడే ఇంటికొచ్చింది. నాయన దాన్ని టీవీ మీద పెట్టాడు, నాకు రోజూ కనబడేట్టుగా.

అప్పుడు రంగంలోకి దిగింది మా అవ్వ. నాయనకి అమ్మ. బెంగళూరు పక్కన ఆనేకల్లో నేతగాళ్ల ఇంట్లో పుట్టి, చిన్నతనం నుంచీ మగ్గం మీద కూర్చున్న మనిషి. "వీధిలో వాళ్ల వెనక యాల పోతావే? డెబ్బై ఏండ్లుగా నడస్తా ఉండాను, నన్ను చూసి గీసుకో" అంది. నేను పుస్తకం తెచ్చుకునేలోపల ఆవిడ లోపలికెళ్లి, పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని వచ్చింది. హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది చూడండీ, రథం మీద ఊరేగే అమ్మవారు కూడా అంత నిదానంగా కదలదు. "అవ్వా, మామూలుగా నడు" అన్నాను. "ఇదే నా మామూలు." "కాదవ్వా, రోజూ ఇట్లా నడవవు." "రోజూ నన్ను ఎవురు చూస్తా ఉండారే?" అంది. వారం రోజులు అమ్మవారి ఊరేగింపే గీశాను. తెర మీద చూసి సారు మామూలుగానే, "భార ఎల్లమ్మా?" అన్నారు.

ఒక పొద్దున అవ్వ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే వంటింట్లో పాలు పొంగాయి. సుయ్‌మని చప్పుడు వినగానే అవ్వ లేచి ఒక్క ఊపున వెళ్లింది. నేను గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాను. నా ముందు నుంచే వెళ్లింది. కుడికాలు పడగానే ఒళ్లంతా ఆ పక్కకి దిగింది, నడుం మీద చెయ్యి పడింది, ఎడమ భుజం లేచింది, ఎడమకాలు అలిగిన చెల్లెల్లా వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. పుట్టినప్పట్నించీ ఒకే ఇంట్లో ఉంటూ నేను ఆ నడకని ఒక్కసారీ చూడలేదని అప్పుడు తెలిసింది. మర్నాటి నుంచీ నాకు పిచ్చి పట్టింది. పెన్సిలు చెక్కుకుని గుమ్మం దగ్గర కూర్చోవడం, "అవ్వా, పాలు!" అని అరవడం, అవ్వ పరిగెత్తగానే గీయడం. పది రోజులు పాలు పొంగకుండానే పొంగాయి. పదకొండో రోజున అవ్వ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. "పొయ్యే వెలిగించలేదు గదే, పాలు ఎట్ల పొంగినాయి?" అంది. నేను నిజం చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నా. నా పుస్తకం తీసుకుని, పేజీలు తిప్పి తిప్పి చూసి, "ఈ కాలు ఇట్లనే ఈడుస్తానా నేను?" అంది మెల్లగా. మోకాలు తడుముకుంటూ తనే చెప్పింది. "గుంటలో కాళ్లు పెట్టి పొద్దు పొడిచినప్పట్నించీ మగ్గం తొక్కినాను. ఈ మోకాలు అప్పుడే పట్టుకపోయింది. మీ నాయనకి కూడా తెలీదు." ఆ మధ్యాహ్నం కాగితాల దొంతర ముందేసుకుని కూర్చుంటే, మొదటిసారి నా పెన్సిలుకి ఎక్కడ గట్టిగా ఒత్తాలో తెలిసింది.

పరీక్ష రోజున తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. నాయన అంగడి మూసి వచ్చాడు, అవ్వని తెచ్చాడు. ఏం గీసిందో చూడాల్సిందేనని జరీ మామ కూడా వచ్చి ముందు వరసలో పొట్టతో సహా కూర్చున్నాడు. బయటి నుంచి పరీక్ష చేయడానికి వచ్చినావిడ సొంతంగా యానిమేషన్ స్టూడియో నడుపుతున్న మనిషి. ఈసారి కెమెరా లేదు, ఎవరి బొమ్మలు వాళ్లే స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టాలి. ఆ పొద్దునే తొంభై ఆరూ స్కాన్ చేసి, ఒకటి రెండు మూడు అని పేర్లు పెట్టాను. ఆడించి చూసుకునే టైము లేకపోయింది. నా పేరు పిలిచారు. తెర మీద అవ్వ వచ్చింది. ఒక అడుగు వేయబోయి నాలుగు మూరలు ముందుకి ఎగిరింది. మళ్లీ ఠక్కున మొదటికొచ్చింది. ఈసారి తెర మధ్యకి దూకింది. మళ్లీ మొదటికి. హాలంతా గొల్లుమంది. నాయన మొహం చూడలేక నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. కళ్ల ముందు టీవీ, టీవీ మీద అప్లికేషన్.

అప్పుడు వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. "నవ్వేది ఆపండప్పా!" అవ్వ లేచింది. లేచి, కుర్చీల మధ్య దారిలో ముందుకి నడిచొచ్చింది. కట్టుకున్న పట్టుచీర ఆవిడకి గుర్తులేదు, కొప్పులో పూలు గుర్తులేవు. కోపంలో ఉంది గదా, కుడికాలు దిగుతోంది, భుజం లేస్తోంది, ఎడమకాలు ఈడ్చుకుంటూ వస్తోంది. సారు ముందు నిలబడి, "ముసలిదాన్ని యాల అట్ల ఎగరేస్తా ఉండారు? మా పిల్ల మూడు నెలలు కూర్చోని గీసింది. సరిగ్గా చూపించండి" అంది. బరువు సారు లేచి తన కుర్చీ అవ్వకిచ్చి, నా వైపు తిరిగి, "రెండు నిమిషాలు" అన్నారు. నేను ఫైళ్లు తెరిచాను. కనబడింది! ఒకటి, దాని కింద పది, పదకొండు, అలా పంతొమ్మిది దాకా. ఆ తర్వాత రెండు, దాని కింద ఇరవై. కంప్యూటరు మహానుభావుడు మొదటి అంకె చూసి వరస పెట్టాడు, పెట్టి ఆ వరసలోనే అవ్వని నడిపించాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్కోదాని ముందు ఒక సున్నా పెడితే చాలు. తొమ్మిది సున్నాలు. నా జీవితంలో అంత జాగ్రత్తగా సున్నాలు ఎప్పుడూ కొట్టలేదు (లెక్కల పరీక్షల్లో తెచ్చుకున్నవి వేరే).

మళ్లీ ఆడించాను. అవ్వ నడిచింది. ఆ చివర నుంచి ఈ చివరకి, నేల మీద కాలు మోపి, ఒంటి బరువంతా దించి, మోకాలు ఈడ్చుకుంటూ నడిచింది. తలలు తెర వైపు, కుర్చీలో అవ్వ వైపు, మళ్లీ తెర వైపు తిరగడం కనబడింది. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. సారు "మళ్లీ" అన్నారు. అయ్యాక "ఇంకోసారి" అన్నారు. నాలుగుసార్లు ఆడించాం. స్టూడియో ఆవిడ, "ఈ కాలు ఇలా ఎందుకు పడుతోంది?" అని నన్ను అడిగితే, అవ్వ అందుకుని మగ్గం గుంట గురించి పది నిమిషాలు చెప్పింది. ఆవిడ రాసుకుంది కూడా! నాయన ఆ పది నిమిషాలూ తన తల్లి మోకాలినే చూస్తూ కూర్చున్నాడు. ఆ సంవత్సరం క్లాసులో మొదటి మార్కు నాది. సెలవుల్లో తన స్టూడియోకి వచ్చి పనిచేయమని ఆవిడ అక్కడే చెప్పింది. బయటికొస్తుంటే జరీ మామ నన్ను పక్కకి పిలిచి, "బాగుండాది పాపా. కానీ నన్ను గీసుంటే ఇంకా బాగుండేది గదా. నా నడకకేం తక్కువ?" అని నిజంగానే నొచ్చుకున్నాడు.

సాయంత్రం అందరం కలిసి మెజెస్టిక్ బస్టాండుకి పోయే బస్సెక్కాం. అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. నాయన ఎన్నడూ లేంది కండక్టరుతో కబుర్లు మొదలుపెట్టి, వాళ్లకి సంబంధం లేకపోయినా ముందు సీటు వాళ్లకి కూడా నా మార్కుల గురించి కన్నడంలో చెప్పాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, అయినా నేను కూర్చోలేదు. పైనున్న కమ్మీ పట్టుకుని, మెడ నిటారుగా ఎత్తి, దారి పొడుగునా బెంగళూరు మొత్తం నన్నే చూస్తోందని నమ్ముతూ నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. ఊరు తన పనిలో తనుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఇదే పనిలో నాకు చాలా మంచి రోజులొచ్చాయి, నా పేరు పెద్ద తెరల మీద కూడా పడింది. మంచి వార్త విన్నప్పుడల్లా ఆ బస్సులో నిలబడిన పిల్లలాగా నిలబడదామని చూస్తాను. నడుం పట్టేస్తుంది, నవ్వొస్తుంది, కూర్చుంటాను. మెడ అంత ఎత్తుకి మళ్లీ లేవలేదు.