మావయ్య సుత్తీ, మూడు వంతెనలూ

తనిఖీ మావయ్య సుత్తితో కొట్టి చూడనిదే ఏ వంతెన మీదా అడుగు పెట్టడు. ముప్పై నాలుగేళ్ళు వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాడు కనుక అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసు, పింఛనిచ్చే బ్యాంకుకు తెలుసు, సుత్తికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

వంతెనలతో ఆగినా బాగుండేది. నాలుగేళ్ళుగా బ్యాంకు మెట్లు, ఆసుపత్రి వరండా, బట్టల కొట్టు మేడ, ఏదీ ఆయన చేతికి తప్పించుకోలేదు. సంచీలోంచి జానెడు సుత్తి తీసి, ఠంగుమనిపించి, చెవి ఆనించి, "ఊఁ, పరవాలేదు" అంటేగాని వెనకున్నవాళ్ళు కదలకూడదు. ఆయనకి జ్వరమొస్తే డాక్టరు వీపు మీద వేళ్ళతో కొట్టి చూశాడు. మావయ్య ముఖం వెలిగిపోయింది. "ఏమంటారు, గట్టిగా పలుకుతోందా, డొల్లగానా?" అని సాటి ఉద్యోగిని అడిగినట్టు అడిగాడు.

ఆయన కాపురం మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. మలుపు మలుపుకీ ఆగి గోడనీ మెట్టునీ కొడుతుంటే, కింద గ్యాస్ బండ భుజాన పెట్టుకున్న మనిషి, "సార్, మేడ పడిపోతే పడిపోనివ్వండి, ముందు నన్ను పోనివ్వండి" అని మొత్తుకునేవాడు.

కొట్టిన ప్రతి దెబ్బకీ ఒక లెక్క ఉండాలట. అందుకో నోటు పుస్తకం. వాళ్ళింట్లో ఉండి కుట్టుపని నేర్చుకుంటున్న మేనకోడలిని అందరూ చిన్నదీ అంటారు. మాట తక్కువ, చూపు ఎక్కువ. చేతిరాత గుండ్రంగా ఉన్న నేరానికి ఆ పుస్తకం దాని నెత్తిన పడింది.

ఇంట్లో మావయ్య సుత్తికి భయపడని మనిషి ఒక్కతే, ఆయన అక్క. చిన్నదానికి పెద్దమ్మ. డెబ్బై ఒకటి నిండాయి. బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి, ఒక తరం పిల్లల్ని ఎండలో పరిగెత్తించింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఊపిరి ఈల వేస్తోంది గాని, ఆ ముక్క ఆవిడ ఎదుట అనే ధైర్యం డాక్టరుక్కూడా లేదు. రైల్వే స్టేషన్లో ఎవరో జాలిపడి చక్రాల కుర్చీ తెస్తే, తన సంచీని అందులో కూర్చోబెట్టి తను పక్కన నడిచింది.

ఒక శనివారం పొద్దున్న ఆవిడ పేపరు మడిచి బల్ల మీద పెట్టింది.

"లోయలో రాతి వంతెన సోమవారం నించి మూసేస్తారట. మరమ్మతట. ఎన్నేళ్ళో చెప్పలేదు. రేపు వెళ్తున్నాం."

"వదినా, నూట ఇరవై మెట్లు!" అంది అత్తయ్య. "దిగడం సరే, ఎక్కొద్దూ?"

"ఏటేటా పిల్లల్ని వరసలో దింపి, ఆ వంతెన దాటించి, అటు చివర నిలబడి ఈల ఊదేదాన్ని. ఇంకొక్కసారి ఊదాలి. నా కాళ్ళ మీద నడిచే ఊదాలి. కూర్చో వదినా, ఆగు వదినా, చెయ్యిస్తా వదినా అని ఎవరైనా అన్నారో, అక్కణ్ణించే వెనక్కి."

అన్నంత పనీ చేసే మనిషి. కిందటేడు ఎగ్జిబిషన్ గేటు దగ్గర అత్తయ్య మోచెయ్యి పట్టుకుందని టిక్కెట్లు చించి పారేసి ఇంటికొచ్చేసింది.

"ఆ వంతెన నేను చూడకుండా ఎవరూ ఎక్కడానికి వీల్లేదు" అన్నాడు మావయ్య, సుత్తి తుడుస్తూ.

"హమ్మయ్య," అంది అత్తయ్య, "ఇందాకట్నించీ ఏదో తక్కువైందనుకుంటున్నా."

మర్నాడు మూడింటికి లోయ అంచుకి చేరారు. కొండని ఎవరో కత్తితో నిలువునా కోసినట్టుంది. పైన బస్సులు వెళ్ళే కొత్త వంతెన, దాని కింద పాత ఇనుప రైలు వంతెన, అన్నిటికన్నా అడుగున, నురుగు కక్కుతున్న నది మీద, ఒకే కమానుతో రాతి వంతెన. చూసినవాళ్ళు నోరు తెరవాల్సిందే. మావయ్య కూడా తెరిచాడు.

"ఆ ఇనుప వంతెనకి రంగు వేసి పదేళ్ళు దాటింది. సిగ్గులేకపోతే సరి."

టిక్కెట్ల గది కింద, వంతెన మొదట్లో ఉంది. ఐదింటికి గేటు వేసేస్తారని బోర్డు. కింద అందరూ వరసలో నిలబడక్కర్లేకుండా మావయ్య ముందే చిన్నదాన్ని వెంటబెట్టుకుని గబగబా దిగి, టిక్కెట్లు కొని, గబగబా ఎక్కొచ్చాడు. "చూశారా, ఇంకా కుర్రాణ్ణే" అన్నాడు. కుర్రాడి ముఖం పండు మిరపకాయలా ఉంది.

ఆ తరవాత మొదలైంది అసలు దిగడం. ముప్పయ్యో మెట్టు దగ్గర సుత్తి బయటికొచ్చింది. ఠంగ్!

"రాసుకోవే చిన్నదీ. ముప్పయ్యో మెట్టు. బాగుంది. ఉండండుండండి, ఇంకోసారి వింటాను."

"నది చూద్దామని వచ్చామండీ," అంది అత్తయ్య, "మీ కచేరీ వినడానిక్కాదు."

యాభై ఐదో మెట్టు. ఠంగ్! డెబ్బై ఐదు. తొంభై. నూట రెండు. పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. పిట్టగోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా తిట్టింది.

"ఒరేయ్, నీ మూలాన గేటు వేసేస్తార్రా! ఇలాంటి వెధవ పని నా బళ్ళో ఎవడైనా చేస్తే మైదానం చుట్టూ పది చుట్లు తిప్పేదాన్ని!"

"భద్రత ముఖ్యం అక్కా" అని మావయ్య రాతి మీద చెవి ఆనించి, నిద్రపోతున్నాడా అనిపించేంత సేపు ఉన్నాడు.

వంతెన దగ్గర కాపలావాడు అడ్డుపడ్డాడు. "సార్, ఇది పాత కట్టడం. సుత్తి కుదరదు."

"రెండొందల ఏళ్ళు వరదలు కొడితే ఊరుకుంది, నేను జానెడు సుత్తితో కొడితే నొచ్చుకుంటుందా? అది సరే, ఈ గేటు గొలుసుకి నూనె ఎప్పుడు పెట్టావ్?"

కాపలావాడు ఆ ప్రశ్న జీవితంలో మొదటిసారి విన్నాడు. తేరుకునేలోగా నలుగురూ వంతెన మీదున్నారు.

ఇక అడుగడుగునా తనిఖీయే. పన్నెండడుగులకోసారి, పదడుగులకోసారి, చివరికి ఎనిమిదికోసారి. గేటు వెయ్యడానికి ముప్పావుగంట ఉందనగా పెద్దమ్మ అటు చివరి రాయిని చేత్తో తాకింది. సంచీలోంచి పాత ఈల తీసింది. అత్తయ్య గుడ్లప్పగించి చూసింది. ఊదడానికి ఊపిరేదీ?

ఈల మోగింది. కొండకీ కొండకీ తగిలి మూడుసార్లు మోగింది. కాపలావాడు ఏ ప్రమాదం జరిగిందోనని టోపీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వంతెన మీదున్న నలుగురైదుగురు పెద్దమనుషులు ఎందుకో తెలియకుండానే వరసలో నిలబడ్డారు.

ఆ సందట్లో చిన్నది పుస్తకం తిరగేసింది. అన్నిచోట్లా బాగుంది, బాగుంది, బాగుంది. పోనుపోను దగ్గరపడుతున్న అంకెలు. బాగున్న రాయి దగ్గర ఐదేసి నిమిషాలెందుకు? ఇందాక టిక్కెట్లకి వెళ్ళినప్పుడు ఈ మెట్ల మీదే సుత్తి సంచీ దాటలేదు. మొన్న కూరలు మోసుకుని తామిద్దరే మేడెక్కినప్పుడూ అంతే. బ్యాంకు, ఆసుపత్రి, బట్టల కొట్టు, అన్నిచోట్లా వెనక పెద్దమ్మ ఉంది.

మెల్లగా పెద్దమ్మ చెవి దగ్గరికి వంగింది. "పెద్దమ్మా, మావయ్య ఈ కొట్టడం..."

"నోర్ముయ్" అంది పెద్దమ్మ, ఈల తుడుచుకుంటూ. "నాలుగేళ్ళుగా తెలుసు. పెద్ద తెలివైనవాణ్ణని మురిసిపోతున్నాడు వెధవ. ఆ కాస్త సరదా మనమెందుకు పాడుచెయ్యడం?"

తిరుగు ప్రయాణంలో వంతెన దాటి పైకి ఎక్కుతుంటే, మధ్యాహ్నం చూపించిన కుర్రతనానికి మావయ్య వడ్డీతో సహా చెల్లించడం మొదలైంది. ముప్పై మెట్లకి చొక్కా తడిసింది. నలభైకి మాట పడిపోయింది. ఆగుదామంటే తలవంపు. సుత్తి తీద్దామంటే చెయ్యి లేవడం లేదు.

పెద్దమ్మ టక్కున ఆగింది. చెప్పు కాలితో మెట్టుని రెండుసార్లు తన్నింది.

"ఒరేయ్, ఈ రాయి ఏదో తేడాగా పలుకుతోంది. కూర్చుని చూడు."

మావయ్య ఆ మాట పూర్తయ్యేలోగా కూర్చున్నాడు. ఒగరుస్తూ ఒక దెబ్బ కొట్టాడు. "బా... బాగుందక్కా."

"నాకు నమ్మకం లేదు. ఇంకో పది నిమిషాలు కొట్టు."

అత్తయ్య తల పట్టుకుని పక్క మెట్టు మీద కూలబడింది. "ఒక్కరితోనే వేగలేక చస్తుంటే, ఇప్పుడు ఇద్దరయ్యారా!"

చిన్నది పుస్తకం తెరిచి పెన్సిలు పట్టుకుంది. "నలభయ్యో మెట్టు. ఏమని రాయమంటావు మావయ్యా?"

మావయ్యకి ఇంకా గొంతు రాలేదు. పెద్దమ్మే చెప్పింది.

"అనుమానంగా ఉందని రాయవే. తొందరేం లేదు, మెల్లగా రాయి."