బీడీ కట్టల దాసిన గోళీలు

ఆ రోజు దగ్గు ఎంత గట్టిగ వచ్చిందంటే, నా చాటల తంబాకు లేచి పక్కన కూసున్న లింగవ్వ కండ్లల్ల వడ్డది. "నీ దగ్గు పాడుగాను!" అని తిట్టింది. బీడీలు చేసేటోళ్లకు దగ్గు కొత్తనా? తంబాకు ఘాటే అనుకున్న. గట్లనే రెండు నెలలు పోయినయ్.

మునుపైతే ఊకోకపోదుం. మా ఆయన గంగారాం బోధన్ల షుగర్ ఫ్యాక్టరీల టైం కీపర్. జర దగ్గితే ఫ్యాక్టరీ దవాఖానకు తోలుకపోతుండె. రాష్ట్రం వచ్చినంక ఫ్యాక్టరీ మూతవడ్డది, దాంతోనే దవాఖాన గూడ పాయె. సర్కార్లు మారినయ్. ఓట్లప్పుడల్లా "తెరిపిస్తం" అంటరు, ఈయన ఖాకీ అంగీ ఇస్త్రీ చేసి పెట్టుకుంటడు. ఇల్లు గడవాలె గదా, నేను అర్రల కిటికీ మూసుకొని బీడీలు చేసుడు వట్టిన.

కళ్లెల నెత్తురు వడ్డనాడు నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోయినం. ఎక్స్‌రే తీసిండ్రు, డబ్బీల కళ్లె పట్టిండ్రు. డాక్టరమ్మ చెప్పింది: "టీబీ. ఆరు నెలల కోర్సు. ఒక్క డోసు మిస్ కావద్దు."

"అంటే నాగ లేకుండనా మేడం?" అన్నడు మా ఆయన. ఎన్నేండ్లకో ఆయన మొఖం వెలిగింది.

ఇంటికొచ్చి పాత హాజరు రిజిస్టర్ తీసిండు. పొద్దుగాల ఆరింటికి ఈల ఊదుడు, నేను చెంబు పట్టుకొని నిలవడుడు, మూడు గోళీలు, హాజరు. మొగుడో, సూపర్‌వైజరో తెల్వకపాయె.

రెండు నెలలకు దగ్గు పోయింది. గోళీ చూస్తే వాంతికి వస్తుండె. ఇగ చాలనుకున్న. దవడల పెట్టుకొని, ఆయన అటు తిరగంగనే తీసి బీడీ కట్ట నడుమ దోపుతుంటి. బీడీ కంపెనీల మాల్ తీసుకునే చెకర్ కట్టలను పైపైన చూసి తీసుకుంటుండె. ఏ ఊరోళ్లకు నా మందు పోయిందో!

పన్నెండోనాడు కంపెనీకాడ చెకర్ కట్ట ఇప్పిండు, గోళీలు రాలినయ్. "లక్ష్మక్కా, గిదేం మసాలా?" అన్నడు. అందరు నవ్విండ్రు. గంప మోసుకొచ్చిన మా ఆయన నవ్వలే.

ఇంటికొచ్చి ఎర్ర పెన్నుతోని పన్నెండు హాజర్లు కొట్టేసిండు. "నా సర్వీసుల ఒక్క దొంగ హాజరు ఎయ్యలే. నువ్వు పన్నెండు ఏయించినవ్," అన్నడు. రిజిస్టర్ మూసి, "ఫ్యాక్టరీ మూతవడుతుంటే గేటుకాడ నిలవడి చూసిన. నిన్ను గట్ల చూడలేనే లక్ష్మీ," అని ఏడ్చిండు. గేటుకు తాళం వడ్డనాడు గూడ ఏడ్వలే ఆ మనిషి. నాకు నా మీదనే అసహ్యమైంది.

తెల్లారి నేనే దవాఖానకు పోయి చెప్పిన. డాక్టరమ్మ మస్తు తిట్టింది. "మధ్యల ఆపితే మొండి టీబీ అయితది, ఈ మందులు పని చెయ్యవు!" మళ్ల కళ్లె పరీక్ష. నా అదృష్టం, మందులు ఇంకా పని చేస్తున్నయన్నరు. ఆనాటి నుంచి గోళీ మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపిచ్చిన.

కోర్సు ఒడిసింది. తెల్లారి ఆరింటికి మళ్ల ఈల!

"గోళీలు అయిపోయినయ్ గదయ్యా?"

"అలవాటే," అని తల దించుకున్నడు.

ఏం చేస్త, చెంబు పట్టుకొని నిలవడ్డ. హాజరేసిండు. ఇప్పటికీ రోజు గిదే.

మీకు గిట్ల టీబీ గోళీలు ఇస్తే, ఎదురుంగ ఒక మనిషిని కూసోవెట్టుకొని మింగుండ్రి. మనిషి లేకుంటే మా ఇంటికి రాండ్రి. రిజిస్టర్ల జాగ ఉన్నది.