మామిడి తోటలో వారం బేరం

ఎనభై ఎనిమిది మే నెలలో ఒక ఆదివారం, తెల్లవారగానే వచ్చే పాసింజరు బండికి నేనూ మా ఆవిడ రాజ్యం గుంటూరులో బయలుదేరాం. వెళుతున్నది ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి తోటకి. తోట కొనడానికి కాదు, తోటలో ఒక వారం కొనడానికి. అప్పటికి ఈ మాట మా వైపు కొత్త కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

ఒక తోట యజమాని తన మామిడి తోటలో ఆరు గదుల విడిది కట్టించి, ఆ గదుల్ని వారాల లెక్కన అమ్ముతున్నాడు. డబ్బు ఒక్కసారి కడితే పాతికేళ్ళపాటు ప్రతి ఏడూ ఒక వారం ఆ గది మనది. మే నెలకి పండు వారం అని, పుష్యమాఘాలకి పూత వారం అని, వానాకాలానికి ఆకు వారం అని పేర్లు పెట్టాడు. పండు వారం పన్నెండు వేలు. ఆకు వారం అందులో సగం. ఏటేటా నిర్వహణ ఖర్చు రెండు వందల యాభై వేరే. మా ఆఫీసులో ఎవరో ఈ విడిది ప్రకటన అచ్చేసిన రంగుల కాగితం తెచ్చి నా బల్ల మీద పడేశారు, నేను దాన్ని ఇంటికి తెచ్చి పారేశాను, రాజ్యం దాన్ని తీసి దాచింది.

నేను ఆడిట్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అందమైన కాగితం కనబడగానే నాకు అనుమానం మొదలవుతుంది. కానీ రాజ్యం ఆ కాగితంలో చూసింది ధరలు కాదు. వరండాలో పేము కుర్చీలో ఒకావిడ కూర్చున్న బొమ్మ ఉంది. "ఈవిడ చేతిలో ఏమీ లేదు, చూశారా?" అంది. గరిటె లేదు, చీపురు లేదు, ఒలిచే చిక్కుడుకాయ లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మా ఇంట్లో ఎండాకాలమంటే మా అక్కయ్యలిద్దరూ పిల్లలతో దిగుతారు. బళ్ళు తెరిచేదాకా ఉంటారు. మా అమ్మ, మేము, మా పిల్లలు కలిపితే పంక్తి రెండుసార్లు లేవాలి. రాజ్యం పొయ్యి ముందు నిలబడితే ఎండ ఎటు తిరిగిందో కూడా తెలియదు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆవిడ నన్ను నగ అడగలేదు, స్థలం అడగలేదు. "ఏటా ఒక్క వారం నాకు కావాలండీ" అని అడిగింది. బ్యాంకులో వేసిన డబ్బు గడువు తీరి సిద్ధంగా ఉంది. కాదనడానికి నోరు రాలేదు, సరే అనడానికి చెయ్యి రాలేదు. ముందు చూసొద్దాం అన్నాను. కొనదలచినవాళ్ళకి ఒక రాత్రి ఉచిత బస అని కాగితంలో ఉంది. "రెండ్రోజులేగా, వంట మేం చూసుకుంటాంలే" అని మా పెద్దక్కయ్య, మాకేదో దానం చేస్తున్నట్టు చెప్పింది.

పాసింజరు కృష్ణ వంతెన మీద చాలాసేపు ఆగి, మమ్మల్ని ఎనిమిది దాటాక బెజవాడలో దింపింది. రిక్షాకి రెండు రూపాయలిచ్చి బస్టాండు చేరి, ఇడ్లీ తిని, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు పోయే ఎర్రబస్సు ఎక్కాం. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కుడివైపు కిటికీ పట్టుకోకండి, పొద్దుటి ఎండంతా అటే. నున్న దాటాక తోటలు మొదలవుతాయి. కాయల బరువుకి కొమ్మలు నేలకి ఆనుతున్నాయి. రోడ్డు పక్కన గడ్డి పరిచి, గంపల్లో కాయలు సర్దుతున్నారు. బస్సంతా మామిడి జీడి వాసన.

మా పక్క సీటులో తలపాగా పెద్దాయన "తోట బేరానికి వచ్చారాండీ?" అని అడిగాడు.

"తోట కాదండీ, తోటలో ఒక వారం కొందామని."

ఆయనకి విషయం విడమరిచి చెప్పాను. "అయితే మిగతా యాభై ఒక్క వారాలూ ఎవరెవరియండీ?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "మంచి జనం పడాలండీ మరి" అని చుట్ట వెలిగించుకున్నాడు. రాజ్యం కిటికీలోంచి తోటలు చూస్తూనే ఉంది.

ఆగిరిపల్లి దాటిన కొంతసేపటికి దిగాం. ముందే ఉత్తరం రాశాం కాబట్టి తోట యజమాని రామ్మోహనరావుగారు స్వయంగా అంబాసిడర్ కారు తెచ్చి నిలబడ్డారు. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మాటలో మర్యాద. విడిది చూస్తే నిజంగా బాగుంది, అబద్ధం చెప్పకూడదు. ఎర్ర నాపరాళ్ళ వరండా, పేము కుర్చీలు, చల్లని బావినీళ్ళు, ఎటు చూసినా చెట్ల నీడ. రాజ్యం ఒక కుర్చీలో కూర్చుని చూసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక చెంగు సర్దుకుంది. ఆ మొహం చూశాక నా అనుమానాలన్నీ కట్టిపెట్టి సంతకం పెట్టేద్దామనిపించింది.

మధ్యాహ్నం రామ్మోహనరావుగారి ఇంటి నుంచే క్యారేజీ వచ్చింది. గుత్తి వంకాయ, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు. "మా వారంలో కూడా ఈ వంటమనిషే వండి పంపుతాడా?" అని అడిగాను.

"అబ్బే, ఇవాళ మీరు మా ఇంటి చుట్టాలండీ. సభ్యులకైతే ప్రతి గదికీ వంటగది ఉంది. గ్యాసు పొయ్యి, గిన్నెలు, రోలు, అన్నీ మావే. మీరొక్క బియ్యం తెచ్చుకుంటే చాలు" అని గర్వంగా తలుపు తీసి చూపించారు.

రాజ్యం గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. మెరిసే స్టీలు గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి.

సాయంత్రం పక్క గదాయన మాట కలిపారు. పేరు సత్యనారాయణగారు, రాజమండ్రిలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రెండేళ్ళ క్రితం పండు వారం కొన్నారట, ఇప్పుడు జరుగుతున్నది వారి వారమే. మంచివారు. నాలుగు మాటలయ్యాక కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"మీరు ఆయన దగ్గర కొత్తది కొనే బదులు నాది తీసుకోరాదండీ? ఐదు వేలకిచ్చేస్తా."

"పన్నెండు వేలది ఐదు వేలకా?"

"పేపర్లో ప్రకటన వేశానండీ. ఒక్క ఉత్తరం రాలేదు. వెనక్కి తీసుకోమంటే రామ్మోహనరావుగారు ఆ పద్ధతి లేదంటారు. ఇంకొకరి పేరుకి మార్చాలంటే మళ్ళీ రుసుం కట్టాలి. ఆయన దగ్గరే కొత్త వారాలు ఇంకా బోలెడున్నాయి, పాతది ఎవడు కొంటాడు చెప్పండి?" అని నవ్వారు. ఆ నవ్వులో బాధ ఉంది. "నాకు కాశీ చూడాలని ఉండేదండీ. ఎండాకాలం ఖర్చు ఇక్కడ పెట్టేశాం కదా, ఇక్కడికే రావాలి మరి."

నేను మనసులో లెక్క కట్టాను. పన్నెండు వేలు బ్యాంకులో ఉంటే ఏడాదికి పన్నెండు వందల పైన వడ్డీ. దానికి నిర్వహణ ఖర్చు కలిపి ఏడు రోజులకి పంచితే రోజుకి రెండు వందలు. బెజవాడలో డెబ్బై ఎనభైకి ఫ్యాను గది వస్తుంది. మిగిలిన డబ్బుతో ఇద్దరం మూడుపూటలా హోటల్లో తిన్నా ఇంకా మిగులుతుంది, అసలు బ్యాంకులోనే ఉంటుంది. లెక్క నా వైపే ఉంది. కానీ ఆ లెక్క పట్టుకెళ్ళి రాజ్యం ముందు పెట్టడమంటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషిని లేవగొట్టడమే. అందుకని నోరు మూసుకున్నాను.

అప్పటికి రాజ్యం ఆ పక్క గదివాళ్ళ వంటగదిలో ఉంది. సత్యనారాయణగారి భార్య ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడుతోంది, మాటలు వరండాలోకి వినబడుతున్నాయి.

"ఏముందమ్మా, అక్కడా పొయ్యే, ఇక్కడా పొయ్యే. మా కోడలూ పిల్లలూ రేపు దిగుతారు. నీళ్ళు మాత్రం మంచివమ్మా, పప్పు ఇట్టే ఉడుకుతుంది."

మర్నాడు పొద్దున్నే నేను పళ్ళు తోముకుంటుండగా తోటలోంచి కేక వినబడింది. రాజ్యం చెట్టు కింద నిలబడి ఉంది, చేతిలో రాలిన చిన్నరసం పండు. ఎదురుగా కర్ర పట్టుకుని కాపలా మనిషి.

"అమ్మగారూ, కాయ కిందెట్టేయండి! తోట గుత్తకిచ్చేశారండీ!"

రామ్మోహనరావుగారు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చారు. ఆయన మొహం ఎర్రబడింది. సంగతేమిటంటే, ఆ వైపు తోటలున్న వాళ్ళు చాలామంది చేసేదే ఆయనా చేశారు. పూత చూసి కాపంతా వ్యాపారికి ముందే అమ్మేశారు. అక్కణ్ణుంచి ఆఖరి కోత దాకా చెట్టు మీది కాయ, చెట్టు కింది కాయ, రెండూ గుత్తదారువే. తోట చుట్టూ అతని పాకలు, అతని కుక్కలు, అతని మనుషులు. యజమానికి ఒప్పందం ప్రకారం ఆఖర్లో రెండు గంపలొస్తాయి, అంతే.

"మీ చేత్తో కోసుకు తినండి అని కాగితంలో వేశారు కదండీ?" అన్నాను.

"వేయించానండీ" అన్నారు నేల చూపులు చూస్తూ. "కానీ మా నాన్నగారి కాలం నుంచీ పూత మీద ఇచ్చేయడం అలవాటండీ. డబ్బు ముందే చేతికొస్తుంది, గాలివాన బెంగ మనకుండదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమొస్తాయని నిజంగా నాకు తట్టలేదండీ."

ఆయన అబద్ధమాడలేదు. మోసగాడైతే ఇంకో మాట చెప్పేవాడు. చెట్లని అమ్మిన పద్ధతిలోనే గదుల్నీ అమ్మారు. డబ్బు ఆయనకి, గాలివాన మనకి.

గుత్తదారు కోటేశ్వరరావు కాయల కుప్ప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గడలకి వలసంచుల్లాంటి చిక్కాలు కట్టి మనుషులు కాయలు దింపుతున్నారు. సంగతి విని నవ్వి, రాజ్యం చేతిలో నాలుగు పళ్ళు పెట్టాడు. "ఊరికే తీసుకోండమ్మా. కేకేయకపోతే ఈ చెట్టు కింద ఒక్క కాయ మిగలదు, అందుకండీ."

"మీరు కొన్న కాపు మధ్యలో ఇంకొకరికి అమ్ముకోవచ్చా?" అని అడిగాను. నా వృత్తి అడిగించింది.

"ఎందుకమ్ముకోకూడదండీ? పిందె మీద ఒకాయన లాభానికి అడిగాడు. ఆశకి పోయి ఇవ్వలేదు. తర్వాత గాలొచ్చి సగం రాలింది, లబోదిబోమన్నాను. చెట్టు మీద కాయ కనబడుతుంది కాబట్టి అడిగేవాడుంటాడండీ. మీ వారం ఎవడికి కనబడుద్ది?"

రాజ్యం నా వైపు చూసింది. "పదండి, ఇంటికి పోదాం" అంది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. పదిహేనేళ్ళకి ఒకసారి అడిగిన కోరిక, అదీ పనికిరానిదని తానే తేల్చుకుంది. రామ్మోహనరావుగారు రసీదు పుస్తకం తెచ్చారు కానీ తెరవలేదు. మర్యాదగానే సెలవు తీసుకున్నాం. సత్యనారాయణగారు గేటు దాకా వచ్చి, "నాలుగు వేలకైనా సరేనండీ" అన్నారు. ఆయన్ని చూస్తే జాలేసింది.

వచ్చిన దారిన బస్సు ఆలస్యమన్నారు. అందుకని నూజివీడు వెళ్ళి, అక్కడ భోజనం చేసి, బజార్లో రసాలు గంపెడు కొనుక్కుని, హనుమాన్ జంక్షన్ మీదుగా తిరిగి బయలుదేరాం. నూజివీడు వెళ్ళేవాళ్ళు పండ్లు తినాలనుకుంటే ఇదే మార్గం, తోట జోలికి పోనక్కర్లేదు. జంక్షన్లో దిగేసరికి ఎండ తల మీద మండుతోంది. బెజవాడ బస్సు కోసం రోడ్డు ఈ పక్కన నిలబడ్డాం. ఆ పక్కన కండక్టరు "ఏలూరు! ఏలూరు!" అని అరుస్తున్నాడు.

రాజ్యం అటే చూస్తోంది. "మా చెల్లెలు ఏలూరులోనే ఉంది కదండీ" అంది.

"ఉంది."

"నేనటు వెళతాను."

"ఎప్పుడొస్తావు?"

"వారానికి."

"అక్కడ మాత్రం నువ్వు వంట చెయ్యకుండా ఉంటావా?"

"చెయ్యను. ఉన్నది వాళ్ళిద్దరూ, వాళ్ళత్తగారూ. చెల్లెలు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వదు. ఎన్నేళ్ళ నుంచో పిలుస్తోంది."

"మరి ఇంట్లో?"

"మీ అక్కయ్యలిద్దరున్నారు. మీరున్నారు" అంది. అని, నా మొహంలోకి సూటిగా చూసింది. పన్నెండు వేలు పెట్టి కొనిద్దామని వచ్చినవాణ్ణి, మూడు రూపాయల చిల్లర టిక్కెట్టుకి కాదంటే నాకన్నా పిసినారి ఉండడు. డబ్బు తీసి ఇచ్చాను. గంప అందివ్వబోతే "అవి మీరే పట్టుకెళ్ళండి" అని, చేతిసంచి సీటు కింద పెట్టి, కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు చూశాను. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.

బెజవాడ బస్సులో, ఆ తర్వాత గుంటూరు పాసింజరులో గంప ఒళ్ళో పెట్టుకుని ఒక్కణ్ణే వచ్చాను. ఈ ప్రయాణం చేయదలచిన వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. ఆ తోటలు చూడదగ్గవి. నీడ, నీళ్ళు, మనుషులు, మూడూ మంచివే. ఒక రోజు వెళ్ళి చూసి రండి. పాతికేళ్ళకి మాత్రం కొనకండి, అమ్ముకోవాలంటే అడిగే దిక్కుండదు. ఇంట్లో ఎవరికైనా ఒక వారం కావాలంటే, అది తోటలో దొరకదు. ఇచ్చే చెయ్యి ఇంట్లోనే ఉండాలి.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అక్కయ్యలు వంటింట్లో ఒకరినొకరు విసుక్కుంటున్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళది, రాజ్యం కాపురానికి వచ్చేదాకా ఆ వంటిల్లు ఆవిడదే.

"కోడలేదిరా?"

"ఏలూరు వెళ్ళిందమ్మా, చెల్లెలింటికి. వారం రోజులు ఉండి వస్తుంది."

"ఎవరికైనా బాగాలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు. ఊరికే వెళ్ళింది."

అమ్మ ఏదో అంటుందనుకుని సిద్ధంగా నిలబడ్డాను. ఆవిడ గంపలోంచి ఒక పండు తీసి, వాసన చూసి, చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

"ఊరికే వెళ్ళచ్చుట్రా?" అంది. పండు గంపలో పెట్టి, "అయితే బందరు బస్సు పొద్దున్న ఎన్నింటికుందో కనుక్కో. మా అక్క ఇంకా అక్కడే ఉంది" అంది.