మడిచిన ఆకులో అన్నం

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు రెండు మడిచిన అరిటాకులంత. పప్పుల మండీ నడిపేవాణ్ణి, బస్తాల బరువు నాకు కొత్త కాదు. కానీ ఆ ఆకులే నన్ను వంచేశాయి. ఇవాళ మధ్యాహ్నం వాటిని విప్పేశాను. అందుకే వెంటనే రాయడానికి కూర్చున్నాను, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కందిపప్పు లారీ వచ్చిందని గుమాస్తా వచ్చి చెప్పిపోయాడు. రానీ. లారీ ఎక్కడికీ పోదు. ఇది చదువుతున్న మీరూ కాస్త కూర్చోండి. నేనెవరో మీకు తెలియదు, అదే మంచిది. ఎరిగినవాళ్లకు చెప్పే మొహం నాకు లేదు.

మాది తమిళనాట తొండియార్‌పేట. కింద మండీ, పైన ఇల్లు, ఒక్కతే కూతురు. ప్లస్ టూ చదివే రోజుల్లో పాప తిండి తగ్గించేసింది. మొదట ఇడ్లీ సగమైంది. తర్వాత అన్నం వాసనే పడదంది. వయసు పిల్లల వేషాలు అనుకున్నాను నేను. మా ఆవిడే పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. ఆమె మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన మాటలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. ఇది మొండితనం కాదు, జబ్బు. ఒళ్లు గురించి, బరువు గురించి మాట్లాడొద్దు. తిట్టొద్దు, బతిమాలొద్దు, ఆశలు చూపొద్దు. ప్రతి పూటా ఒకరు పక్కన కూర్చుని అదే అన్నం తినండి, ఏడ్చినా మధ్యలో లేవకండి. చివర్లో ఇంకో మాట అంది. మీరిద్దరూ ఒక్క మాట మీద ఉండాలి, ఈ జబ్బు మీ మధ్య సందు కోసం వెతుకుతుంది అని.

ఆ సందు నేనే.

కొన్నాళ్లు బడి మాన్పించి పాపను ఇంట్లోనే ఉంచాం. పొద్దునా రాత్రీ మా ఆవిడ కూర్చునేది. మధ్యాహ్నం మంచం పట్టిన మా అమ్మకు ఆమె తినిపించాలి కాబట్టి ఆ పూట నా వంతు. పైనుంచి క్యారియర్ వచ్చేది. మండీ వెనక గదిలో బస్తాల మధ్య చల్లగా ఉంటుంది. అక్కడ ఇద్దరికీ ఆకులు వేసేవాణ్ణి. మొదట్లో పాప ఏడుస్తూనైనా తినేది. ఒక రోజు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేసింది.

"ముడియలే నైనా," అంది. మా నోట్లో తమిళం తెలుగూ కలిసే ఉంటాయి, నావల్ల కాదని దానర్థం. "ఈ ఒక్క రోజూ వదిలెయ్. అమ్మ కాడ చెప్పొద్దు."

"సెరి పాపా," అని నా ఆకు చూపించాను. "ఈడ పెట్టు."

చాలా రోజుల తర్వాత పాప నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం ఏమైనా ఇచ్చేవాణ్ణి. ఇవ్వకూడనిదే ఇచ్చాను. అది ప్రేమ అనుకున్నానా? అనుకున్నాను. నిజంగా ప్రేమేనా? కాదు, భయం. మా ఆవిడ ఆ కన్నీళ్ల ముందు రెండు పూటలా కదలకుండా కూర్చుంటుంటే, ఒక్క పూట కూర్చోలేని నా పిరికితనానికి నేను ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఒక్క రోజు అన్నది ఒక్క రోజుతో ఆగుతుందా? రోజూ పాప అన్నం నా ఆకులోకి వచ్చేది. నేను తినలేకపోయింది పాప ఆకులో ఉండిపోయేది, పాప దాన్ని మడిచేసేది. మా ఇళ్లలో భోంచేసి ఆకును తన వైపుకు మడిస్తే కడుపు నిండిందని అర్థం. మడిచిన ఆకును ఎవరూ విప్పి చూడరు. నేనే ఎత్తి వెనక సందులో ఆవుకు వేసేవాణ్ణి. కొన్నాళ్లకు ఆ ఆవు సరిగ్గా ఆ వేళకు వచ్చి నిలబడేది. ఆవుకూ ఒళ్లొచ్చింది, నాకూ ఒళ్లొచ్చింది, పాపకు తప్ప. బిడ్డ మీద దిగులుతో చిక్కిపోవాలి గానీ ఈ పొట్టేమిటండీ అని మా ఆవిడ ఎగతాళి చేసేది. నేనూ నవ్వేవాణ్ణి. కూతురి ఎంగిలాకు ఎత్తే తండ్రిని ఎక్కడైనా చూశారా అని ఆమె చుట్టాల దగ్గర గొప్పగా కూడా చెప్పుకుంది. అది విని ఎలా ఊరుకున్నానో నాకే తెలియదు.

డాక్టరమ్మ అడిగినప్పుడల్లా, మధ్యాహ్నం ఆకు ఖాళీ చేస్తోందని మా ఆవిడ నమ్మకంగా చెప్పేది. నేను పక్కన తలూపేవాణ్ణి. మరి పాప ఎందుకు కోలుకోవడం లేదు? లోపం తన చేతిలోనే ఉందేమో అనుకుంది ఆవిడ. నెయ్యి ఎక్కువ వేసింది. మొక్కుకుని శుక్రవారాలు ఉపవాసం పట్టింది. తినని బిడ్డ ఎదురుగా తల్లి పస్తులుండటమేమిటని డాక్టరమ్మ కోప్పడింది. ఆ కోపం నాకు తగలవలసింది.

ఒక ఉదయం పాప మేడమెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ సూటిగా అడిగింది, మధ్యాహ్నం దగ్గర ఎవరు ఉంటున్నారని. నేనేనన్నాను. నా కళ్లముందే తింటోందన్నాను. లోపల బిడ్డకు సెలైన్ ఎక్కుతుంటే బయట నిలబడి ఆ మాట అన్నాను. అప్పటిదాకా చేసింది బలహీనత అనుకున్నా, ఇది మాత్రం ద్రోహం. నిజం చెప్పి ఉంటే వైద్యం ఆ రోజే దారిలో పడేది కదా? తెలిసే చెప్పలేదు. కన్నబిడ్డకు అన్నం పెట్టడం చేతకాని తల్లి అని మా అమ్మ పోయేదాకా కోడల్ని దెప్పింది. చుట్టాలూ అదే పాట. మా ఆవిడ ఎదురు చెప్పలేదు, నిజమేనేమో అనుకుంది. నేను వక్క నములుతూ విన్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక మధ్యాహ్నం పూట కూడా ఆవిడే తీసుకుంది, మా అమ్మకు తినిపించే పని నాకు వదిలింది. పాప అరిచింది, గిన్నెలు విసిరింది, అనరాని మాటలంది. ఆవిడ లేవలేదు. పాప ఒక ముద్ద మింగితే తనూ ఒక ముద్ద మింగేది. ఒక వారం బాగుంటే మరో వారం మళ్లీ మొదటికొచ్చేది. అలా చాలా కాలం పట్టింది. ఇప్పుడు పాప ఊరికి ఆ చివర షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటోంది. నేను చేసింది పాప బయటపెట్టలేదు. నేనూ బయటపెట్టలేదు.

ఇవాళ చెప్పాపెట్టకుండా వచ్చింది. వెనక గదిలో ఆకులు వెయ్యి నైనా అంది. సాంబారు, వంకాయ కూర, అప్పడం. ఆఫీసు క్యాబ్ డ్రైవర్ కథలు చెబుతూ, నవ్వుతూ తింటోంది. ముద్దలు లెక్కపెట్టకూడదు కదా, నేను అప్పడం వైపే చూస్తూ కూర్చున్నాను. రసం అన్నం మళ్లీ పెట్టించుకుంది. మీకు ఇది చిన్న విషయం కావచ్చు. నాకు లేచి వీధిలోకి పరుగెత్తి అందరికీ చెప్పాలనిపించింది, నా కూతురు మారు అడిగిందని.

పాప ఆకు మడిచింది. నేను అలవాటుగా చెయ్యి చాచాను. పాప నా చెయ్యి ఆపి, మడిచిన ఆకును మళ్లీ విప్పింది. ఒక కరివేపాకు రెబ్బ తప్ప ఏమీ లేదు. నా మొహంలోకి చూసింది. పాపకు అన్నీ గుర్తున్నాయి. సంతోషం, సిగ్గు ఒకేసారి గొంతులోకి వచ్చాయి. రెండింటినీ మింగడం ఇంక నావల్ల కాలేదు.

చెయ్యి కడుక్కోకుండానే మేడెక్కాను. మా ఆవిడ అప్పుడే భోజనానికి కూర్చుంది. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. నా ఆకు, ఆవు, వరండాలో నేనన్న మాట. అన్నం కలిపే ఆమె చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూసింది. తర్వాత తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే తింది. ఈ ఇంట్లో మధ్యలో లేవకూడదని నేర్పింది తనే కదా. ఆఖరి ముద్ద దాకా తిని, ఆకు మడవకుండా లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

క్షమించిందా అని నన్ను అడగకండి. అడిగే హక్కు నాకే లేదు. ఆ ఆకు ఎత్తుకుని కిందికి దిగాను. అలాగే, తెరిచినది తెరిచినట్టే పట్టుకుని, వెనక సందులోకి కాదు, మండీ ముందు నుంచే వీధిలోకి నడిచాను. గుమాస్తా చూశాడు, బస్తాల దగ్గర కూలీలు చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.