బోర్డు మీద సూర్యుడు

అరసవల్లిలో లాడ్జి నడిపేవాడి మేడ మీద సోలార్ పలకలు పెడితే వాడు ఊరుకుంటాడా? బిగించిన వారానికే గేటు మీద బోర్డు రాయించాను: ‘పూర్తిగా సూర్యభగవానుడి కరెంటుతో నడిచే లాడ్జి’. తొమ్మిదిలోనే బడి మానేసినవాణ్ణి. ‘పూర్తిగా’ అన్న మాటకి కొలత ఉంటుందని నాకేం తెలుసు?

శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చదివే మా మేనకోడలికి తెలుసు. కాలేజీ ప్రాజెక్టుకి మా లాడ్జినే కొలుస్తానని మీటర్లు పట్టుకుని దిగింది.

“రెండే సూత్తాను మావా. మేడ మీద పుట్టిన కరెంటులో మీరు వాడుకున్నదెంత? మీరు వాడినదాంట్లో మేడ మీదదెంత?”

“రెండూ ఒకటే కదే!”

“పెళ్లిలో వండిందాంట్లో ఎంత సెల్లింది, వొచ్చినోల కడుపులెంత నిండాయి, రెండూ ఒకటేనేటి?”

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. “ఆ లెక్క తప్పిందంటే బోర్డు నానే పీకేత్తాను. మొన్న కరెంటు పోతే, మీ సూర్యుడు సెలవెట్టీసినాడేటని గదులోలు నన్నడిగినారు.”

అలా నా బోర్డు ప్రాణం మేనకోడలి మీటర్లో పడింది.

దర్శనానికొచ్చేవాళ్లు చీకటితోనే లేచి వేణ్ణీళ్లంటారు. మా గీజర్లన్నీ అప్పుడే వెలుగుతాయి. ఎండెక్కేసరికి గదులు ఖాళీ చేసి బస్సెక్కేస్తారు. మిట్టమధ్యాహ్నం పలకలు దంచి పుట్టిస్తుంటే, వాడుకోవడానికి కింద మిగిలేది మేమిద్దరం, వంటింటి పిల్లి. మిగతాదంతా తీగ పట్టుకుని బయటికి పోతోందట.

అది విన్నాక నాకు అన్నం సహించలేదు. మా మేడ మీద పుట్టినది పక్కవీధివాళ్ల మిక్సీలో తిరగడమా? మర్నాడు మధ్యాహ్నం ఖాళీ గదుల్లో ఫ్యాన్లు, లైట్లు, గీజర్లు అన్నీ వేసేశాను. మోటారు కూడా. ట్యాంకు పొంగింది. మేడ మీద ఎండుతున్న వడియాలు మళ్లీ పిండైపోయాయి.

“ఎవులికి విసురుతన్నాయయ్యా ఆ ఫ్యాన్లు? మీ తాతకా?” అని మెట్ల మీంచే అరిచింది మా ఆవిడ.

మేనకోడలు మీటరు చూసి పడీపడీ నవ్వింది. “మొదటి లెక్క అదిరిపోనాది మావా! పుట్టిందంతా మీరే మింగీసి, సాలక బయటది కూడా లాగీసినారు. రెండోదే లెగలేదు. సీకట్లో గీజర్లు బయట కరెంటే తాగతన్నాయి కదా. మిగిలిన కూర కుక్కలకెట్టి గిన్నె ఖాళీ సేసినావు. పెళ్లోలు ఆకలితోనే ఉన్నారు.”

“అయితే గీజర్లు మజ్జాన్నమే ఏసీమంటావా?” అన్నాను.

“ఆ నీలు తెల్లారకట్లకి సల్లారిపోవా? బక్తులు నీ మీదే పోత్తారు,” అంది మా ఆవిడ. ఏం ఆలోచించిందో, సాయంత్రాలు మిషన్లో ఉతికే దుప్పట్లని ఎండపూటకి మార్చింది. పిండి రుబ్బడం, మోటారు కూడా. రెండో లెక్క కాస్త లేచింది. కానీ ‘పూర్తిగా’కి ఇంకా ఆమడ దూరం.

ఆవిడ నిచ్చెన తెచ్చింది. బతిమాలగా బతిమాలగా రాజీకొచ్చింది: బోర్డు ఉంటుంది, ‘పూర్తిగా’ చెరిపి నేనే ‘పగలు’ అని రాయాలి.

ఆవిడ నిచ్చెన పట్టుకుంది, నేను పైనుంచి రంగు పూశాను. అంతలో ఆటో నడిపే మా బావమరిది బేరం తీసుకొచ్చాడు. బోర్డు పైకే చదివాడు.

“రాత్రులు తలుపులేసెత్తారేటి బావా?”

ఆటోలోవాళ్లు ఎక్కిన కాలు దించలేదు.

“దిగండి బాబూ, రాత్రి కూడా ఉంటాం!” అని కుంచె ఊపుతూ కేకేశాను.

“వేణ్ణీలు కూడా ఉంటాయమ్మా!” అంటూ మా ఆవిడ వాళ్ల సంచులందుకోవడానికి పరిగెత్తింది, నిచ్చెన వదిలేసి.