లెక్కలోంచి కొట్టేసిన పేరు

పాలకొల్లులో ఒక డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెబుతున్న రోజులవి. జనాభా పాఠం పుస్తకంలో చదివితే బుర్రకెక్కదని, ఆ ఏడు ప్రాక్టికల్స్‌లో పిల్లలకు ఒక పని అప్పగించాను. ఎవరి వీధిలో వాళ్లు ఇంటింటికీ తిరిగి మనుషుల వయసులు రాసుకురావాలి. గ్రాఫ్ పేపరు మీద ఎడమవైపు మగవాళ్లకు, కుడివైపు ఆడవాళ్లకు వయసులవారీగా పట్టీలు గీయాలి. ఆరు నెలలకు మించి ఊళ్లో లేనివాళ్లను లెక్కలో వేయకూడదని బోర్డు మీద రాశాను.

మొగల్తూరు దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి గ్రాఫు చాలా శుభ్రంగా గీసింది. ఇంటింటి పట్టిక సరిచూస్తుంటే వాళ్ల అమ్మ పేరు పక్కన ‘కువైట్, నాలుగేళ్లు’ అని కనిపించింది.

"అమ్మ ఊళ్లో లేదు కదమ్మా, ఎందుకు రాశావు?"

"మా ఇంట్లో మనిషే కదండి."

"రూలు అందరికీ ఒకటే" అంటూ ఎర్ర పెన్నుతో ఆ పేరు కొట్టేశాను. క్లాసంతా చూస్తోంది. ఆ అమ్మాయి రబ్బరు తీసుకుని, గ్రాఫులో తల్లికోసం నింపిన గడిని కాగితం చిరిగేదాకా చెరిపింది.

మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు. వారం చూసి, ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. ఆ అమ్మాయి అమ్మమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నేనెవరో చెప్పగానే చేతులు కడుక్కుని కుర్చీ వేసింది.

"మీరేనాండీ మా కూతురి పేరు కొట్టేసింది?" నెమ్మదిగానే అడిగింది. "ఫోనొచ్చి ఎనిమిది నెలలైందండి. పని చేసే ఇల్లు మారిందంటారు. పంపిన ఏజెంటు పలకడు. మేం ఉందనే అనుకుంటన్నాం. చదువుకున్నోరు మీరేమో లేదన్నారు. ఆరోజు పిల్ల అన్నం ముట్టలేదండి."

గుమ్మం పక్కన నిలబడ్డ అమ్మాయితో, "తప్పు నాదే. వెళ్లినవాళ్లను కూడా కలిపి ఇంకో గ్రాఫు గీద్దాం, రా" అన్నాను.

ఆమె మళ్లీ వీధంతా తిరిగింది. పదకొండు మంది ఆడవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. మొదటి గ్రాఫులో వాళ్ల వయసుల దగ్గర పట్టీలు పొట్టిగా నొక్కుకుపోయి ఉండటం నేను చూడకపోలేదు. చూసి, కారణం అడక్కుండా టిక్కు పెట్టాను.

పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు రెండో గ్రాఫు సిలబస్‌లో లేదని మార్కులు తగ్గించాడు. పక్కనే ఉండి కూడా నేను గట్టిగా వాదించలేకపోయాను. అమ్మాయి మాత్రం పాసైంది. రికార్డు తీసుకోవడానికి వచ్చిన రోజు, అమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చిందా అని అడగాలనుకున్నాను. ధైర్యం చాలక, బాగా చదువుకోమని చెప్పి పంపేశాను.