మంచి ఊరు తేల్చిన పలక

చాలు, ఆపు రమణయ్యా! టీ గ్లాసు చేతికి రాగానే రాష్ట్రంలో ఉండే ఊర్లన్నిటికీ తీర్పు చెప్తావు. విజయవాడలో జేబులు కోస్తారు, తిరుపతిలో చెప్పులు కూడా మిగలవు, విశాఖకు ఆడపిల్లను పంపితే అంతే సంగతులు... అసలు నువ్వు పొదిలి దాటి ఎన్నిసార్లు పోయినావో చెప్పు ముందు. తెలియని ఊరి మీద నింద వేయడం కూడా తప్పే. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ మధ్య అదే పని చేసి అడ్డంగా దొరికిపోయింది నేనే. నవ్వనంటే చెప్తా. సరే, నవ్వినా చెప్తా.

ఇరవై ఎనిమిదేళ్ళుగా పలకల ఫ్యాక్టరీలో నాది చెకింగ్ పని. తయారైన పలకను వెలుతురుకు వాల్చి చూడాల. బలపంతో ఒక గీత గీసి తుడవాల. గీత పోతే పాస్, పోకుంటే రిజెక్ట్. చదివింది పదో తరగతే అయినా పద్ధతి తప్పను. ఐదింటికి లేస్తాను, మాటంటే మాటే. మా చర్చి సంఘంలో పెద్దను కూడా. ఎవరైనా దారి తప్పితే నిలబెట్టి బుద్ధి చెప్పేది నేనే.

మా పాప సువార్త ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పాసయింది. ఒక పెద్ద రక్తపరీక్షల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. విశాఖ, విజయవాడ, తిరుపతి, ఈ మూడింట్లో ఏదో ఒక ఊరు ఎంచుకోమన్నారు. నెల గడువిచ్చినారు. పిల్ల విశాఖ అంది. నేను మన మార్కాపురం అన్నాను.

"మార్కాపురంలో వాళ్ళకు బ్రాంచి లేదు నాయనా."

"బస్టాండు పక్కన ల్యాబు ఉంది కదా. వాళ్ళు తీసేది కూడా రక్తమే కదా!"

"అక్కడ జీతం సగం కూడా రాదు."

"ప్రాణం ఉంటే కదా జీతం. విశాఖ సేఫ్ కాదు."

"ఎవరు చెప్పినారు?"

నువ్వే చెప్పినావు రమణయ్యా, ఈ బెంచీ మీదే కూర్చుని! కానీ రమణయ్య చెప్పినాడంటే ఇంట్లో విలువ ఉంటాదా? అందుకని, "లెక్కలున్నాయి" అన్నాను.

మా బామ్మర్ది యోహాను అప్పుడు మా ఇంట్లోనే అన్నం తింటున్నాడు. ఆటో తోలుకుంటూ మధ్యాహ్నానికి అక్క ఇంటికి చేరతాడు. వాడు ముద్ద మింగి, "అయితే ఆ లెక్కేందో బయటికి తీయి బావా" అన్నాడు. "క్రైమ్ రేటు అంటారు దాన్ని. టమాటా రేటు మాదిరే. ఏ ఊర్లో తక్కువుంటే ఆ ఊరు మంచిదన్నట్టు."

నాకు రోషం వచ్చింది. ఇంట్లో ఉన్న పెద్ద పలక తెచ్చి, తలుపు పక్కన మేకుకు తగిలించి, నాలుగు గళ్ళు గీసినాను. విశాఖ, విజయవాడ, తిరుపతి, మన పక్క. మన పక్క అంటే మార్కాపురం, గిద్దలూరు, పెద్దారవీడు, కొనకనమిట్ల అన్నీ కలిపి. ఇన్ని కలిపినా మనకు వచ్చేది సున్నానే అని నా ధైర్యం.

"రోజూ పేపరు చూస్తా. ఒక నేరానికి ఒక గీత. పేపర్లో పడితేనే గీత. నెలాఖరుకు ఏ గడిలో గీతలు తక్కువుంటే పాప అక్కడుంటాది. ఇది నా మాట" అని అందరి ముందూ చెప్పినాను.

మరుసటి రోజు పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకొని కూర్చున్నాను. కొనకనమిట్ల దగ్గర పొలంలో మోటారు తీగ కోసుకుపోయినారు. గీత. గిద్దలూరు బస్టాండులో బైకు మాయం. గీత. పెద్దారవీడులో రెండు పొట్టేళ్ళు పోయినాయి. రెండు గీతలా, ఒకటా? దొంగ ఒకడే కదా అని ఒకటే గీసినాను. పేపరంతా తిరగేసినా విశాఖ సంగతి ఒక్కటీ లేదు. అంత పెద్ద ఊర్లో రోజంతా ఒక కోడి కూడా పోలేదా!

వారం తిరిగేసరికి మన గడిలో పదకొండు గీతలు. విశాఖకు ఒక్కటి.

పాప వచ్చి, "నాయనా, పేపరు లోపలి పేజీలు చూసినావా? అవి..." అని ఏదో చెప్పబోయింది.

"చదువుకున్నోళ్ళ మెలికలు నాకొద్దు. పలక అబద్ధం చెప్పదు" అన్నాను.

"సరే నాయనా" అని లోపలికి పోయింది. అంత తొందరగా సరే అనే పిల్ల కాదు. నేను గమనించుకోవాల్సింది.

రెండో వారం నుంచి నేను పేపరు చదవడం మానేసి వాదించడం మొదలుపెట్టినాను. చింతచెట్ల కింద పేకాట ఆడుతూ ఏడుగురు దొరికినారంట. అది నేరమా? పనుల్లేక కూర్చున్నారు పాపం! ఈ పేకాట మీదే సంఘంలో అంతకు ముందు నెల గంటసేపు మాట్లాడి, ఇద్దరిని ఏడిపించింది నేనే. ఎవరివో కోళ్ళు పోయినాయంట. అడవిపిల్లి పని. గట్టు తగాదాలో ఒకాయన తల పగిలిందంట. అన్నదమ్ములే కదా కొట్టుకుంది, ఇంటి విషయం. ఇట్ల ఒక్కొక్క దొంగను నేనే విడిచిపెడుతూ పోయినాను. అయినా గీతలు పెరుగుతానే ఉన్నాయి.

మూడో వారంలో మా ఇంటికే వచ్చినాడు దొంగ. పెరట్లో తోమి బోర్లించిన రాగి బిందె పోయింది. నా భార్య కరుణమ్మ గుండెలు బాదుకుంది.

"మా అమ్మ ఇచ్చిన బిందె! ముందు పలక మీద గీత గీయి!"

"పేపర్లో పడలేదు కదా."

"స్టేషనుకు పోయి కంప్లయింట్ ఇయ్యి, పడతాది!"

"ఒక్క బిందె కోసం స్టేషనుకా? నువ్వే యాడనో పెట్టి మర్చిపోయింటావు."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "బిందెను పెట్టి మర్చిపోతానా? నిన్నన్నా పెట్టి మర్చిపోతా గానీ!" అంది.

గీత మాత్రం గీయలేదు. నా ఇంట్లో దొంగతనం జరిగితే, జరగలేదని దొంగ తరఫున నేనే మాట్లాడినాను. ఎక్కడికి దిగజారినానో చూడు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. ఆరాధన అయినాక, అన్నాలు తిని లెక్క చూడాలని ఒప్పందం. విశాఖకు మూడు గీతలు, తిరుపతికి నాలుగు, విజయవాడకు ఐదు. మన పక్కకు గడి చాలక, పలక తిప్పి వెనకవైపు కూడా గీసి ఉంది. పొద్దున తల్లీకూతుళ్ళు పాటలు నేర్చుకోవాలని ముందే చర్చికి పోయినారు. ఇంట్లో నేనూ పలకా మిగిలినాము.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నీళ్ళ గుడ్డ తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. ఒకటో తరగతి పిల్లోడి మాదిరి బొటనవేలు నాలుకకు అద్దుకున్నాను. వెనకవైపు అంతా తుడిచినాను. ముందువైపు మన గడిలో రెండు గీతలు ఉంచి మిగతావి తుడిచినాను. రెండెందుకు ఉంచినానంటే, సున్నా అంటే ఎవరూ నమ్మరని. అబద్ధానికి కూడా ఒక హద్దు పెట్టుకున్నాను! చేతులు కడుక్కొని గుడికి పోయినాను. పాస్టరు గారు ఆ రోజు ఏమి బోధించినారో ఇప్పటికీ నాకు తెలియదు.

మధ్యాహ్నం అందరం కూర్చున్నాము. యోహాను పలక చూసినాడు, వెనక్కి తిప్పినాడు, మళ్ళీ ముందుకు తిప్పినాడు.

"ఏంది బావా, గిద్దలూరు దొంగలంతా ఒకేసారి రాజీనామా చేసినారా?"

"కూడికలో తప్పులుంటే దిద్దినా" అన్నాను, గోడ వైపు చూస్తూ.

పాప వాడి చేతిలోంచి పలక తీసుకొని, వెనకవైపు పైకి తిప్పి నా చేతిలో పెట్టింది.

"ఇదొకటి చూడు నాయనా. మీ ఫ్యాక్టరీదే. బాగుందా?"

ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు కదా! పలక చేతిలో పడగానే చెయ్యి దానంతట అదే వాకిట్లో ఎండకు వాల్చింది. కన్ను దానంతట అదే వెతికింది. నోరు కూడా దానంతట అదే, ఫ్యాక్టరీలో పలికినంత గట్టిగా పలికింది.

"తుడిచినా గీతలు కనబడుతున్నాయి. రిజెక్ట్!"

యోహానుకు పొలమారింది. నెత్తిన తట్టించుకుంటూనే కింద పడి నవ్వినాడు. నేనే దొంగ, నేనే సాక్షి, తీర్పు కూడా నేనే చెప్పినాను. అట్లాంటి కేసు ఏ కోర్టులోనూ ఉండదు.

పాప మాత్రం నవ్వలేదు. పక్కన కూర్చుని, చిన్నపిల్లోడికి చెప్పినట్టు చెప్పింది.

"నాయనా, పేపరు లోపలి పేజీలు ఏ జిల్లాకు ఆ జిల్లావే అచ్చేస్తారు. మనకొచ్చేది మన జిల్లా పేపరు. అందుకే మన మోటార్లూ మన పొట్టేళ్ళే కనబడినాయి. విశాఖలో కోడి పోతే విశాఖ పేపర్లో పడతాది. ఇంకొకటి. ఊర్ల నేరాలు పోల్చాలంటే గీతలు లెక్కబెడితే చాలదు, ఆ ఊర్లో ఎంతమంది జనం ఉన్నారో చూసి, లక్షమందికి ఎన్ని అని లెక్కగట్టాల. దాన్నే రేటంటారు. మొదటి వారమే చెప్పబోయినా. నువ్వు విన్లా."

"అట్ల లెక్కగడితే ఏ ఊరు మంచిదో తేలిపోతాదా?" అన్నాను.

"అప్పుడు కూడా పూర్తిగా తేలదు. రాసుకున్న కేసులే లెక్కకు వస్తాయి. నువ్వు తుడిచినట్టు తుడిచేవాళ్ళుంటే ఏ ఊరైనా మంచి ఊరే."

కరుణమ్మ వెంటనే, "నా బిందె రాసుకోలేదు చూడు!" అంది.

నేను తల ఎత్తలేకపోయినాను. "నువ్వు విశాఖకే పో తల్లీ. నన్ను క్షమించు" అన్నాను. ఆ మాట మా సంఘంలో ఎంతమంది చేత చెప్పించినానో! చెప్పించడం సులభం, చెప్పడం కాదు.

"పోతా" అంది పాప. "కానీ తప్పు చేసినవాళ్ళను ఊరికే వదలకూడదని నువ్వే అంటావు కదా. నీ పలక ప్రకారం మన పక్కే డేంజరు. మిమ్మల్ని ఇక్కడ వదిలిపెట్టి నేను ఎట్ల ఉండాల? అందుకని, నేను కాలేజీకి పోయేటప్పుడు నువ్వు పెట్టిన రూలే ఇప్పుడు నీకు పెడుతున్నా. సాయంత్రం ఆరుకు ఇంట్లో ఉండాల. తలుపు గడియ పెట్టి, ఆ గడియ ఫోటో తీసి నాకు పంపాల."

తమాషా అనుకున్నాను. కాదు. ఆమె విశాఖలో చేరి నెల అవుతుంది. సముద్రం పక్కన తోటి పిల్లలతో హాయిగా తిరుగుతూ ఫోటోలు పెడుతుంది. నేను గడియ ఫోటోలు పెడుతున్నాను. మొన్న ఒకరోజు పది నిమిషాలు ఆలస్యం అయింది. యోహాను ముగ్గురు ప్యాసింజర్లతో సహా ఆటో తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు ఆపినాడు. పనివాళ్ళందరూ వినేట్టు, "బావా, ఎక్కు! ఒంటరిగా రావొద్దంట, పాప ఫోను చేసింది!" అని అరిచినాడు. ఆ ప్యాసింజర్లలో ఒక ముసలమ్మ జరిగి చోటిచ్చి, "రా నాయనా, భయపడబాక" అంది.

ఏందీ, ఆరుకు పది నిమిషాలే ఉందా? ముందే చెప్పొద్దూ! జరుగు రమణయ్యా, దారి ఇయ్యి. యాభై ఆరేళ్ళ మొగోణ్ణి, చీకటి పడకముందే ఇల్లు చేరాల!